ఐదో గడి

ఫర్వానియాలో, మూడో అంతస్తులో,
ఏసీ నీళ్లు బకెట్లోకి చుక్కచుక్కగా పడే గదిలో
నేను దుబాసీని. వారానికి రెండు పూటలు.
కాగితం మీద హింసకు నాలుగు గళ్లు.

కొట్టారా, ఓబుళమ్మా?
"లేదుక్కా. మంచోళ్లే."
తిండి?
"పెడ్తారు. మిగిలింది గాదు, వేడిదే."
జీతం?
"వాళ్ల దగ్గరే బద్రంగా ఉంది, పాసుపోర్టు మాదిరే."

నా పెన్ను గాల్లోనే ఆగింది.

క్లోరాక్స్ తిన్న వేళ్లు ముడుచుకుంటూ
ఎవరి కథో చెబుతున్నట్టు, రాయచోటి యాసలో:
"ఇంట్లో పదకొండు తలుపులుక్కా.
అన్నిట్కీ గడియ ఉంది, నా రూముకు తప్ప.
పెద్దకొడుకు రేత్రిపూట నీళ్లడగను వస్తాడు.
నీళ్లే అడుగుతాడు. తాగడు.
రోంచేపు నిలబడి పోతాడు.
నన్ను రోజీ అంటారు.
నాకంటే ముందుండిన పాప గూడా రోజీనే.
రెండేండ్లకు, నా పేరెట్టి పిలిచింది
మొదుట నువ్వే.
అందుకే ఏడుపొచ్చె, ఏమనుకోవద్దు."

దీన్ని ఏ గడిలో రాయను?
అంచున, సన్నగా, 'గడియ లేదు' అని రాశాను.
అరబ్బీలో అది మరీ చిన్న మాటైపోయింది.

బల్లమీద నా ఫోను మళ్లీ వణికింది.
బోర్లించాను.
"ఏడుసార్లు మోగెనక్కా. ఎవురు?"

మా ఆయన.
ఎక్కడున్నానో ఫోటో తీసి పంపాలి,
గంటగంటకూ. వెనకాల గోడ కనపడాలి.
ప్రేమెక్కువలే, అన్నాను.
అలవాటైన తర్జుమా.

ఓబుళమ్మ నవ్వలేదు.
కాగితాన్ని తిప్పి, మెల్లగా
నా వైపు జరిపింది.