పచ్చ వల

జూన్ మొదటివారం. ఇసకలో ముప్ఫైనాలుగు గుడ్లు.
పెంకు లోపలనుంచే పిలిచినాయి పిల్లలు,
తల్లికన్నా ముందు నేనే విన్నా.
ముప్ఫైమూడు బురద రంగు.
ఒకటి మాత్రం
పొర ఒలిచిన పనసగింజ మాదిరి.

"కూరలో ఉప్పెయ్యడం మరిచినట్టు
ఒంటికి రంగెయ్యడం మరిచింది, అంతే"
అన్నాడు డాక్టరు దామోదరం.
అడవిలో ఇట్లాంటివి పుట్టవా సార్ అంటే
"పుడతాయి మునిశేఖరూ,
మనకన్నా ముందు కొంగ చూస్తుంది."

ఆ మాట రాత్రంతా నాతోనే డ్యూటీ చేసింది.
ఏ ఏట్లో, ఏ మడుగులో
ఎన్ని తెల్లపిల్లలు ఒక్కపూట బతికినాయో.
గద్ద లెక్క రాయదు గదా.
అరుదు అని మనం అనేది
పుట్టడాన్ని కాదు, మిగలడాన్ని.

పేపర్లో ఫోటో పడినాక, జనం.
కొండ దిగి, గుండు మీద చందనం ఆరకముందే
నేరుగా జూకే.
దేవుడి మొసలంట, దండాలు పెట్టినారు.
ఐదు రూపాయల బిళ్ళలు విసిరినారు.
మింగితే చస్తుందని మొత్తుకున్నా, వినలా.
పొద్దుగూకినాక మోకాటిలోతు నీళ్ళలో దిగి
బిళ్ళలేరడం నా పనయింది.
ఒక ఆదివారం నూటడెబ్బై.
ఆఫీసులో కట్టినా. రసీదు ఇయ్యలా.

ఒక సాయంత్రం, గేటు మూసే వేళ,
గొడుగేసుకుని ఒక పాప వచ్చింది.
వాన లేదు.
కనురెప్పల వెంట్రుకలు కూడా తెల్లన.
జాలీకి ముక్కు ఆనించి,
తల కొంచెం పక్కకు వంచి, చాలాసేపు చూసింది.
దండం పెట్టలా. ఫోటో తీయలా.
"అన్నా, మధ్యాన్నం దీనికి కళ్ళు మండవా?"

నెల రోజులు. వేలమంది.
ఈ మాట అడిగినోళ్ళు లేరు.
నేనూ అడగలా, చెప్పుకుంటే సిగ్గు.

పేరడిగినా.
శ్యామల, అనింది.
నేను నవ్వుతానేమో అని
తనే ముందు నవ్వేసింది.
ఎన్నిసార్లు నవ్వి నవ్వి అరిగిన నవ్వో అది.
నేను నవ్వలా.
అలిపిరి ఆటో ఎక్కేదాకా
ఆ గొడుగు కనపడతానే ఉండింది.

మర్నాడు నర్సరీలో అడిగి పచ్చ వల తెచ్చి
తొట్టి మీద సగందాకా కట్టినా.
వచ్చినోళ్ళు తిడతా ఉండారు,
టికెట్టు కొని నీడను చూసి పోవాల్నా అని.

చూడండి,
అడుగున, ఆ రాయి పక్కన.
ఏమీ కనపడలేదా?

మంచిది.