వేయించిన తేదీ

బాలానగర్‌ల ప్రెజర్ గేజీలు సరిచేసే షెడ్డు నాది.
ఇరవై రెండేండ్ల సంది
ముల్లు చెప్పిందే నమ్ముడు నా పని.
బాయిలర్ ఓనరు ఎంత మొత్తుకున్నా
ముల్లు ఎర్రగీత దాటిందంటే దాటినట్టే.

అసొంటోన్ని,
ఎర్రగడ్డ అంగట్ల ఒక ఆదివారం
సైకిల్ చైన్లకూ మూతల్లేని మిక్సీలకూ నడుమ
ఎస్ప్రెస్సో మిషన్ చూసి ఆగిపోయిన.
హిమాయత్‌నగర్‌ల మూతబడ్డ కేఫ్‌దట.
పదకొండు వేలన్నడు, ఆరున్నరకు తెగింది.
ఆటోల ఒడిల పెట్టుకుంటే
గుంత వచ్చినప్పుడల్లా
దాని ఆవిరి గొట్టం నా గదుమను పొడిచింది.

విప్పిన. కడిగిన. రబ్బరు రింగు మార్చిన.
ఏండ్ల సంది పేరుకున్న నీళ్ల సున్నాన్ని
నిమ్మ ఉప్పుతోని కరిగించిన.
గేజీ మాత్రం నా షెడ్డుదే బిగించిన.
తొమ్మిది బార్లు. వెంట్రుకవాసి తేడా లేదు.

కప్పులకు వచ్చింది మాత్రం
రెండు దినాలు బందున్నంక
నల్లాల ముందుగాల వచ్చే తుప్పు నీళ్లు.
పదకొండు సెకన్లల్ల దబదబ కారిపాయె.
నాలిక మీద కాలిన అట్టముక్క.

హైమ ఒక గుక్క తాగి "మంచిగుంది" అన్నది.
మిగిలింది బాల్కనీల నిలబడి తాగుత అని
కప్పు పట్టుకొని పోయింది.
రోజూ పోయింది.
ఎదురింటి ఫసీహ్ భాయ్ తలుపుల్నుంచే వాసన చూసి
"మన గల్లీ చాయ్ ఏం పాపం చేసింది మియా?" అన్నడు.

నాలుగు నెలలు.
మరను సన్నగ తిప్పిన, ఇంకా సన్నగ,
అది పండ్లు కొరికే దాక.
నీళ్ల తప్పన్న. వోల్టేజీ తప్పన్న.
నా చెయ్యి తప్పన్న.
ప్యాకెట్‌ను మాత్రం ఒక్కనాడు అనుమానించలె.
బంగారు రంగు, జిప్పు, మీద మబ్బుల కొండ,
గడువు ఇంకా ఏడాది ఉన్నదని
అచ్చుగుద్దిన ధీమా.

వానకాలం నడుమ
లాలాగూడ నుంచి గ్రేస్‌మణి వచ్చింది,
కాఫీ గింజలు వేయించే డ్రమ్ముకు
గ్యాస్ గేజీ ఆగిపోయిందని.
మూడు వందలైతయన్న.
రెండు నోట్లు, ఒక కాకిరంగు పొట్లం టేబుల్ మీద పెట్టింది.
అరకు గింజలు. పొట్లం ఇంకా ఊపిరి తీస్తున్నట్టు ఉబ్బి ఉన్నది.
మీద బాల్‌పెన్నుతోని తేదీ, నిన్నటిది.

"గడువు ఏది?" అన్న.
నవ్వింది.
"నువ్వు గేజీకి అంటించే చీటి మీద
ముందుగాల ఏం రాస్తవన్నా?
సరిచేసిన దినమే గదా.
ఐదు రోజులు ముట్టకు."

రెండోనాడే ముట్టిన.
కప్పు నిండా బుడగలు, సోడా గోలి కొట్టినట్టు.
మూతి కాలిన పిల్లి లెక్క
పొట్లం మడిచి పైఅరల పెట్టిన.

ఆరోనాడు
మర ఆ సన్నదనం మీదనే ఉన్నది:
నలభై సెకన్లకు రెండు చుక్కలు.
నాలుగు నెలల మంకుపట్టును
టక్కు టక్కుమని ఐదు పండ్లు వెనక్కి తిప్పిన.

అప్పుడు వచ్చింది,
ఎలుకతోక అంత సన్నగ,
తొందర లేని ధార.
కప్పుల పడి, ఇటుకపొడి రంగుల లేసి,
చెంచా కొసతోని చీలిస్తే
మళ్లా వచ్చి కూడుకున్నది.
ముందుగాల నేరేడు వగరు.
వెనుక, ఉసిరికాయ తిన్నంక
మంచినీళ్లు తాగితే వచ్చే
ఆ ఎక్కడిదో తెల్వని తీపి.

తలెత్తి గేజీ దిక్కు చూసిన.
తొమ్మిది బార్లు.
నాలుగు నెలల సంది అదే చెప్తున్నది పాపం,
దాన్ని అడిగింది అంతే గదా.

హైమ మంచిగుందనలె.
ఖాళీ కప్పు నా ముందలకు జరిపి
"ఇంకోటి తియ్" అన్నది.
అది తాగుకుంట, నవ్వు ఆపుకోలేక,
కరివేపాకు కుండీల మట్టి
ఎందుకు నల్లగైందో చెప్పింది.

బంగారు ప్యాకెట్ ఇప్పుడు
చెప్పుల స్టాండ్‌ల ఉంది,
వాసన గుంజుకుంటదట.

ఇయ్యాల పంతొమ్మిదో రోజు.
నురగ కొంచెం పల్చబడ్డది,
ధార రెండు సెకన్లు ముందే తెల్లబడ్డది.
పొద్దు ఎక్కనియ్యి,
లాలాగూడకు ఫోన్ చెయ్యాలె.