రైళ్ల లెక్క

బల్లార్షా ఆస్పత్రి మీటింగు గదిలో
గోడకి నలభై మూడు కార్డులు.
పడక పుండ్ల మీద ఏ ప్రశ్నకి ముందు జవాబు వెతకాలో
ఆ కార్డు మీద అంటించమని
తలా ఐదు ఎర్ర చుక్కలిచ్చారు.
నాగపూర్ డాక్టర్ మరాఠీలో చెబుతుంటే
నేను తెలుగు చేస్తున్నాను.
పదిహేనేళ్లుగా కట్లు మార్చే చేతులు నావి,
అయినా "ప్రాధాన్యం" అన్న మాట దగ్గర
రాజుబాయి మొహం చూసి తడబడ్డాను.
"ముందుగాల ఏది కావాలె" అన్నాను చివరికి.

గాలిపరుపా, నురుగుపరుపా?
తేనె పట్టీ పనిచేస్తుందా?
రెండు గంటలకోసారి తిప్పాలా, నాలుగైనా ఫరవాలేదా?

అక్కడ ఆగింది రాజుబాయి.
"బొగ్గుబాయి సైరన్ దినాం మూడుసార్లే కూస్తది.
పుండు అంతసేపు ఆగది.
అందుకే నేను రైళ్లకు తిప్పుత.
వార్ధా వంతెన మీద ఓ బండి మోగితే ఎడమకు,
ఇంకో బండికి కుడికి."

గని కప్పు ఓదెలు నడుం మీద కూలి పదకొండేళ్లు.
పదేళ్లు అతని వీపు నేను చూసి గర్వపడ్డ వీపు.
పోయిన శ్రావణంలో నది వంతెనని ముట్టుకుంది,
బండ్లు ఆపేశారు.
ఊరు చప్పుడు లేకుండా తడుస్తుంటే
రాజుబాయి తెల్లారేదాకా నిద్రపోయింది.

పొద్దున నడుం కింద రూపాయి బిళ్లంత ఎరుపు.
దసరా నాటికి
ఆ గుంతలో ఒకటిన్నర మూర గాజుగుడ్డ పట్టింది.
కూరింది నేనే.

"తిప్పేటోళ్లు ఎప్పుడు పండుకోవాలె?
గది ఏ కాయితంల ఉన్నది?"

డాక్టర్ కొత్త కార్డు తీశాడు.
ఏం రాయాలో తెలీక
"ఝోప్" అని రాసి కింద గీత గీశాడు.
ఆ తర్వాతే ఎవరికో గుర్తొచ్చింది, ఓదెలుని అడగాలని.

"నా కింద ఏం కాలుతున్నా నాకు కబురు రాదు సారూ.
కబురు తెచ్చేదేదన్న చూడుండ్రి."
అని, సిగ్గుపడ్డట్టు నవ్వాడు.

అప్పుడు వంతెన మోగింది.
రాజుబాయి ఎవర్నీ అడగలేదు. లేచి,
చుక్కలంటుకున్న చేతుల్తోనే
చక్రాల కుర్చీలోంచి అతన్ని చంకల కింద పట్టి ఎత్తింది,
బండి దాటేదాకా
గాలి తగలనిచ్చింది.

సాయంత్రం లెక్కలో రెండు చుక్కలు తక్కువొచ్చాయి.
అతని చొక్కా వెనక ఉన్నాయని నాకు తెలుసు.
మళ్లీ లెక్కపెట్టమన్నాను.