ఒత్తు

మిషను అమ్మిన రోజు
నాలుగు బోల్టుల గుంతలు మిగిలినయి
నారాయణగూడ షాపుల.
సిమెంటు పొయ్యలే ఇంకా.
ఊడ్చినప్పుడల్లా చెత్త అండ్లనే చేరుతది,
పుల్లతోని గెలుకుత.
అది తిరిగేటప్పుడు గ్లాసుల చాయి వణికేది.
ఇప్పుడు చాయి కదలది,
మీగడ కట్టి చల్లారిపోతది.

పని అంతా బయటనే.
అక్షరాలు హన్మకొండల సుగుణావతి కూర్చుతది
పిల్లను బడికి తోలినంక, పదకొండు నుంచి మూడు దాకా.
అచ్చు బాలానగర్ల.
కవర్లు బోరబండల అత్తాకోడండ్లు అంటిస్తరు
నూటికి ఇంత అని, మైదా జిగురు వాళ్లదే.
బంగారు ఫాయిలు కాటేదాన్ల,
రేకుల షెడ్డు, కాగిన దిమ్మె, రాత్రి డ్యూటీ.

ఇంక నీదేమున్నది వదినా ఇండ్ల,
అని మా మరిది అడుగుతడు.

కాయితం నేనే కొంట, వేళ్ల నడుమ నలిపి చూసి.
గిరాకీ నంబరు ఎవ్వలకు ఇయ్య.
ఎర్ర పెన్ను నా దగ్గర.
నేను సంతకం పెట్టంది
ఒక్క కార్డు మిషనెక్కది.
పగ్గం పొడుగైంది గానీ
కొస నా చేతిలనే ఉన్నదని చెప్పిన.

మాఘమాసం లగ్గాలు.
ఎల్బీనగర్ పార్టీ, ఎనిమిది వందల కార్డులు.
మీద పేరు, లోపల పేరు,
తాతల పేర్లు, గోత్రం, ఫంక్షన్ హాలుకు తొవ్వ,
విందు ఎన్ని గంటలకో
వేలు పెట్టి చదివిన, రెండుసార్లు.
తేదీ ఏసి సంతకం పెట్టిన.

రాత్రి పన్నెండుకు తెల్వని నంబరు.
"మేడం, కాటేదాన్ సే. తబ్రేజ్."
కటిహార్ నుంచి వచ్చి ఆర్నెల్లాయె,
తెలుగుల అ కూడ రాదు.
మీది పేరుకు పక్కన కింద ఒక కొక్కెం ఉందట,
లోపలి పేరుకు లేదట.
నలభై కొట్టి ఆపిండట.
"గిర్ గయా క్యా, మేడం?"
దిమ్మెకెల్లి ఊడిందేమోనని
టార్చి పట్టుకొని నేలంత వెతికిండట.

ఫొటో పెద్దగ చేసి చూసిన.
మీద రమ్య.
లోపల రమ.

సుగుణావతి ఫైలుల సక్కగనే ఉంది.
బాలానగర్ల కంప్యూటరు తెరిచిన కాడ
ఫాంటు మారి ఒత్తు రాలిపోయింది.
అది ఎవ్వలూ చేసిన తప్పు కాదు,
చూడని తప్పు ఒక్కటే, అది నాది.
రమ మంచి పేరే గదా, మా చిన్నమ్మ పేరే.
అందుకే కన్ను ఆగలే,
చదువుకుంటనే దాటిపోయింది.
వానికి చదువ రాదు.
వానికి కనబడేది ఉన్నదా లేదా అన్నదొక్కటే.

తెల్లారి ఫస్టు బస్సుకు కాటేదాన్ పోయిన.
సేటు అప్పటికే తిడుతుండు:
నీ పని ఒత్తుడు, చూసుడు కాదు,
రెండు గంటల కరెంటు దండుగ.
తప్పు నాది, సంతకం చూడుండ్రి, అన్న.
ఆ మాట బయటికొచ్చేటానికి
కొంచెం టైము పట్టింది.
కొత్త దిమ్మె నా పైసలతోనే.

ఆ కొక్కెం లేకుంటే ఏమైతుండె, అని అడిగిండు తబ్రేజ్.
ఇంకో పిల్ల పెండ్లి అవుతుండె, అన్న.
నవ్విండు.
కనుబొమ్మల మీద కూడ బంగారు పొడి.

అప్పటిసంది ప్రూఫు
ఒకసారి కాటేదాన్ పోయి వస్తది.
మా మరిదికి చెప్పలే.
నా సంతకం కింద పక్కకు
మెరిసే వేలిముద్ర ఒకటి పడి వస్తది,
అక్షరానికి ఒత్తు లెక్క.

మొన్న సేటు ఫోను చేసిండు,
కార్డుకు పది పైసలు పెంచుమని.
పెంచుత, అండ్ల పిల్లగానికి ఎంత పోతదని అడిగిన.
అది మా లోపలి సంగతి మేడం, అన్నడు.

ఫోను పెట్టేసినంక కూడ చెవి కాడనే పట్టుకొని
బోల్టు గుంతల దిక్కు చూసుకుంట
చానసేపు కూసున్న.