లేని చిటికెన వేలు

పొద్దున ఏడున్నరకి మతోజిన్యూష్ రేవు గేటు పక్కన
మా తెల్ల వ్యాను ఆగుతుంది.
ముందు సముద్రపు కాకులొస్తాయి. తర్వాత అదెరితు.

కాగితం కప్పు అడుగున ఏడు మిల్లీలీటర్ల మెథడోన్,
దాని మీద గుక్కెడు నీళ్ళు.
మింగాక నోరు తెరిచి చూపించాలి, అది రూలు.
యాభై రెండేళ్ళ మనిషి నా ముందు
రోజూ పసివాడిలా "ఆ" అంటాడు.

కుడిచేతికి మూడే వేళ్ళు.
తక్కిన రెండూ సార్డీన్ పడవ మీద
వల లాగే యంత్రం తాడులో పోయాయి.
"ముందు మెరుపు," అన్నాడోసారి.
"నేను అరవడం కూడా అయిపోయాక, ఉరుము."

నా పాఠ్యపుస్తకంలో ఉన్నదీ అదే.
గాయం కబురు వెన్నుపాముకి ఇద్దరు మోస్తారు:
కొవ్వు తొడుగేసుకుని పరుగెత్తే నరం ఒకటి,
ఒంటిమీద ఏమీ లేక ఈడ్చుకుంటూ వచ్చే నరం ఒకటి.
మొదటిది చోటు చెప్పి వెళ్ళిపోతుంది.
రెండోది వచ్చి కూర్చుంటుంది.

అతని దగ్గర కూర్చున్నది మళ్ళీ లేవలేదు.
వేలు లేదు, వేలి నొప్పి ఉంది.
మునిగిపోయిన ఊరి పేరు
మెదడు తన పటంలోంచి కొట్టెయ్యలేదు;
ఆ ఊరి నుంచి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి.

మొదటి పొట్లం వాటిని ఆపడానికే.
ఆగాయా అని అడిగితే నవ్వాడు.
"ఆగలేదు సిస్టర్. నావి కాకుండా పోయాయి.
గోడకవతల ఎవరో ఏడుస్తున్నట్టు."

ఆ తర్వాతి సంగతి నిదానంగా చెప్పాడు:
కొన్నాళ్ళకి పొడి కంటే చెంచా బాగుండేదట,
చెంచా కంటే లైటరు క్లిక్కుమనడం,
దానికంటే, అమ్మేవాడి వీధి మలుపు.
సుఖం వెనక్కి వెనక్కి నడిచి
మలుపు దగ్గరే ఆగిపోయింది.
ఇంటికి తెచ్చుకున్నది వట్టి పొట్లం.
ఇష్టం ఎప్పుడో చచ్చిపోయింది,
కావాలి, కావాలి మాత్రం
తల తెగిన చేపలా పలక మీద కొట్టుకునేది.

నిన్న శుక్రవారం.
పదకొండేళ్ళలో మొదటిసారి అదెరితు ఆలస్యం.
పావుగంట.
జుల్మీర ఆసుపత్రి నంబరు నొక్కుతోంది,
నేను రేవు రాళ్ళ వైపు చూడకూడదనుకుంటూ చూస్తున్నాను.

వచ్చాడు. గడ్డం నున్నగా ఉంది, చెవి వెనక సబ్బు నురగ.
బెలార్మీను కొట్టు తెరుస్తూ, ఊరికే కూర్చోబెట్టాడట.
ముసలి చెయ్యి, ఏ పనికీ తొందర తెలియని చెయ్యి.
గోరువెచ్చని బ్రష్షు
చెవి దగ్గర్నుంచి మెడదాకా, మళ్ళీ చెవి దగ్గర్నుంచి.

వెంట్రుకల కుదుళ్ళ దగ్గర
ఇంకో జాతి నరాలున్నాయి,
ఆ ఈడ్చుకొచ్చే నొప్పికి దాయాదులు, అవీ బోసివే.
గబగబా రుద్దితే పలకవు,
ఊరికే ఆనించి ఉంచినా పలకవు.
ఈ వేగానికే పలుకుతాయి, ఈ వెచ్చదనానికే.
ఏది తాకిందో, ఎక్కడ తాకిందో వాటికి పట్టదు.
ఎవరో ఉన్నారు, అంతే వాటి కబురు.

"కళ్ళల్లో సబ్బు పడిందనుకున్నాడు ముసలాడు," అన్నాడు అదెరితు.
కప్పు ఎత్తాడు, మింగాడు, "ఆ" అన్నాడు.

"మరి వేలు?"

లేని వేలి వైపు చూసుకున్నాడు,
నిద్రపోతున్న పిల్లని చూసినట్టు, గొంతు తగ్గించి,
"ఉంది," అన్నాడు.
"కాసేపు అదీ వింది."