సుతిలి

పార్సీగుట్ట వార్డాఫీసు వెనక రేకుల షెడ్డు.
డ్యూటీ దిగి, టికెట్ మిషను డిపోలో అప్పజెప్పి
ఆరున్నరకు నేనే తాళం తీస్తాను.
నేలమీద పాత ఫ్లెక్సీలు.
ఓడిపోయిన కార్పొరేటర్ల నవ్వుల మీద
చెప్పులు విడిచిన కాళ్లు వచ్చి నిలబడతాయి.
పొడుగును బట్టి కాదు, వయసును బట్టి కాదు,
నడుముకున్న రంగును బట్టి వరస.

"ఈ పట్టీలెందుకు మేడం" అనడిగింది యామిని వాళ్లమ్మ,
పరీక్ష ఫీజు నాలుగొందలు చేతిలో నలుపుతూ.
ఇస్త్రీ బండి ఆమెది. మణికట్టు మీద పెట్టె అంచు కాల్చిన గీత.
"కొట్టుడు నేర్పితే సాలదా?"
వెంటనే ఏమీ చెప్పలేకపోయాను.

జహూర్ మాస్టర్ ఉంటే చెప్పేవాడు.
ఆయన మాకెప్పుడూ కొత్త బెల్టు కొనలేదు.
పాసైన రోజు పాతదే విప్పించుకుని
బేగంబజార్‌లో తనకు తెలిసిన రంగ్రేజు దగ్గరికి
సైకిల్ మీద పట్టుకుపోయేవాడు.
తెలుపు మీద పసుపు.
ఆ పసుపును నీలంలో ముంచితే ఆకుపచ్చ.
దాని మీద ఎరుపు పడితే గోధుమ.
"కింద రంగు లేకుంటే పైన రంగు పట్టదు బేటా."
బెల్టు తిరిగొచ్చేదాకా వారం రోజులు
నడుముకు సుతిలి కట్టుకుని
పాసైనవాళ్లమే అందరికన్నా చివర.
పదకొండేళ్ల నాకు
ఆ పీచు గుచ్చుకోవడం ఇంకా గుర్తు.
నలుపు ముంచకముందే ఆయన పోయాడు.
పద్దెనిమిది వేలు కడితే నలుపిస్తామన్నారు ఎవరో.
నేను గోధుమలోనే ఉండిపోయాను.

శనివారం మాత్రం వరస చెదురుతుంది.
నా కండక్టర్ సంచిలో పేర్ల చీటీలు,
ఎవరికి ఎవరొస్తే వాళ్లు.
గాలిలో వెయ్యి గుద్దులు గుద్దిన చెయ్యి
ఎదుట ఊపిరి తీస్తున్న మనిషిని చూసి
మొదటిసారి తడబడుతుంది.
గాలి తప్పుకోదు, తిరిగి కొట్టదు.
గాలికి నొప్పెట్టిందా అని చూసుకునే పని లేదు.

పోయిన శనివారం నా చీటీకి యామిని వచ్చింది.
పదమూడేళ్లు, పసుపు బెల్టు,
మోకాళ్ల మీద బొగ్గుమసి.
నేను కాలు విసిరి దించేటప్పుడు
నా కుడిచెయ్యి జారుతుందట.
ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు.
వరసలో కిందున్నవాళ్లు పైకి అంత సూటిగా చూడరు కదా.
ఆ పిల్ల చూసింది.

పెదవి మీద ఉప్పు.
షెడ్డంతా చప్పుడు లేదు,
సీతాఫల్‌మండి దాటుతున్న రైలు తప్ప.
నాకు కోపమొస్తుందో నవ్వొస్తుందో అని
ఇరవై మంది నా మొహం కేసి.
వంగి సలాం చేశాను.
సుద్దతో బోర్డు మీద రాశాను: యామిని, ఒక పాయింటు.
అక్షరాలు కొంచెం వంకర పోయాయి. దాచను.

సోమవారం అందరికన్నా ముందే వచ్చి
తలుపు దగ్గరే నిలబడింది.
"ఇగ మీదికెల్లి జర మెల్లగ కొట్టాల్నా మేడం?"

ఆ దెబ్బకు మాత్రం నా దగ్గర కాపు లేదు.
ఎక్కడ నేర్చుకుంది ఈ మాట?
బట్టల మూట ఇచ్చే గేటు దగ్గరా,
బళ్లో వెనక బెంచీ మీదా?
"నువ్వు మెల్లగ కొడితే
నా నడుముకున్నది ఉత్త గుడ్డపేలిక బిడ్డా.
గట్టిగనే కొట్టు.
కొట్టినంక వరసల నీ జాగల నువ్వు నిలబడు,
నా జాగల నేను నిలబడ్త."
అర్థమైనట్టు తలూపింది, కాలేదు.
నాక్కూడా సగమే.
పోతూ పోతూ, నేల చూపులతో,
తన కుడి పిడికిలి చెంపకు ఆనించి చూపించింది:
"ఇట్ల ఉంచాలె మేడం."

నిన్న పరీక్ష. పాసైంది.
పసుపు బెల్టు మడిచి నా సంచిలో వేసుకున్నాను,
ఆదివారం బేగంబజార్ పోవాలి. రంగ్రేజు కొడుకున్నాడు ఇప్పుడు.
వాళ్లమ్మ చేతిలో మూరెడు సుతిలి పెట్టాను.
"ఇదేంది?"
"వారం రోజులకు."
ఆమె రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది,
బట్ట తడి చూసినట్టు.
"గుచ్చుకుంటది గద మేడం."
"గుచ్చుకుంటది."