ప్రార్థన చీటీ

శుక్రవారం కూడికలో పాస్టరుగారు
తలా ఒక చీటీ పంచారు.
ఫర్వానియాలో ఏసీ పాడైన గది,
వంటమనుషులం, ఆయాలం, డ్రైవర్లం,
గుమ్మం బయట చెప్పుల కుప్ప.

నా చీటీలో ఇలా ఉంది:
మగిందనావు జనం. ఫిలిప్పీన్సుకి దక్షిణాన.
మతం ఇస్లాం. సువార్త ఇంకా చేరలేదు.
నెలరోజులు వీరి కొరకు మోకాళ్లూనుము.

జాబ్రియా బస్సులో మళ్లీ చదువుకున్నాను.
ఓరి దేవుడా, నూరైదా!
నా పై మంచం నూరైదా.
నాకు జ్వరం తగ్గిన రోజు
ఎక్కడో అరటాకు సంపాదించి
కోడిపీచు అన్నం పొట్లం కట్టిన మనిషి.
ఫిలిప్పీను పిల్ల అనుకున్నానే గాని
ఆమెకో జనం ఉందనీ
ఆ జనం నా చేతిసంచీలో మడతపడి ఉందనీ
నేనెరగను.

చేరలేదంట.
రాత్రి ఒంటిగంటకి గిన్నెలు బోర్లించి వచ్చి
పడుకుని చెయ్యెత్తితే చెక్క తగులుతుంది,
చెక్క అవతల ఆమె వీపు.

మగిందనావంటే ఏమిటే అనడిగాను.
వరదనేల వాళ్లమంది.
ఏరు పొంగితే నిచ్చెన పైమెట్టు మీద కూచుని
వాళ్లమ్మ చేపలు తోమేదట.
మాది గోదారి లంక అన్నాను.
పెంకుల మీద కూచుని గంజి తాగాం, ఎనభయ్యారులో.
సగం అరబ్బీ, సగం చేతులు.
వాన ఎరగని ఊళ్లో
ఇద్దరం మాట్లాడుకునేది నీళ్ల గురించే.

పాస్టరుగారిచ్చిన చిన్న పుస్తకం, ఆమె భాషలోది,
పదిరోజులు నా దిండు కిందే ఉండిపోయింది.
ఇద్దామని తీస్తాను,
జుట్టుకి నూనె రాయమని కూచుంటుంది,
చేతులు జిడ్డవుతాయి.

రంజాన్ పదకొండో నాడు
దుప్పట్లు ఉతకడానికి తీస్తే
ఆమె దిండు కింద ఒకటి కనబడింది.
తెలుగు పుస్తకం!
అట్ట మీద ఆకుపచ్చ నెలవంక.
ఆమెకి తెలుగు అక్షరం ముక్క రాదు.
ఎవరు పంచారో, ఎన్నాళ్లు దాచిందో.
ఎక్కడిదక్కడే పెట్టి
దిండు సర్దేశాను.
నాది ఆమె చూసిందో లేదో
అడగలేదు. నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది.

సాయంత్రం బాంగు వినబడగానే
ఖర్జూరం రెండుగా చీల్చి
గింజ లేని ముక్క నాకిచ్చింది.
పొద్దుట్నుంచి నేనూ ఏమీ తినలేదు,
ఉపవాసమని కాదు, తీరక.

మళ్లీ శుక్రవారం.
"దీవెనమ్మా, నీ చీటీ సంగతేంటి?"
మోకాళ్ల మీదే ఉన్నానయ్యా అన్నాను.
అబద్ధమేం కాదు.
మేడం ఇంట్లో మెట్లు పదిహేడు.
పైనుంచి ఆమె తుడుచుకుంటూ దిగుతుంది,
కిందనుంచి నేను ఎక్కుతాను.
తొమ్మిదో మెట్టు మీద
ఇద్దరికీ బకెట్టు ఒకటే.